మా తారీఖు వాసవి

మా మేనకోడలు వాసవికి ఉన్నది ఒకటే అలవాటు. ఎవరైనా ఏదైనా చేస్తానంటే చాలు, ఏ తేదీకి అని అడుగుతుంది. అడిగి ఊరుకోదు, చెప్పేదాకా ఎదురుగా నిలబడుతుంది. చెప్పాక చక్కగా నవ్వి, దండం పెట్టి వెళ్ళిపోతుంది. ఆ తేదీ వచ్చిన రోజు పొద్దున్నే మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

వినడానికి ఇందులో అంత భయపడవలసింది ఏమీ కనిపించదు. కానీ పొద్దున లేచింది మొదలు మనం ఎన్నిసార్లు "చూద్దాంలే" అంటామో, ఎంతమందితో "ఓసారి తీరిగ్గా కలుద్దాం" అంటామో గుర్తు తెచ్చుకోండి. మర్యాదస్తుల బతుకంతా ఆ మాటల మీదే నడుస్తుంది. అది జరిగే పని కాదని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. వాసవికి ఒక్కదానికే తెలియదు. ఆ పిల్ల ప్రతి మాటనీ నిజమనే అనుకుంటుంది.

నేను భిలాయి ఉక్కు కర్మాగారంలో టైమ్ ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. పేరు సత్యప్రసాద్. రిసాలిలో ఉంటాను. వాసవి మా చెల్లెలు అరుణకుమారి కూతురు. మా రెండిళ్ళకీ మధ్య రెండు వీధులే కాబట్టి, ఈ అలవాటు పుట్టడం, పెరగడం, ఊరి మీద పడడం అన్నీ నా కళ్ళతో చూశాను.

పుట్టింది ఆరో ఏట. మా బావ త్రినాథరావు ఓ రోజు అన్నం తింటూ, మైత్రీబాగ్ జూలో తెల్లపులిని చూపిస్తానులే అన్నాడు. ఏ తేదీకి అని అడిగింది. ముద్ద నోట్లో ఉండగా మా బావ పద్నాలుగు అన్నాడు. పద్నాలుగో తారీఖు పొద్దున ఏడింటికి టోపీ పెట్టుకుని, నీళ్ళ సీసా మెళ్ళో వేసుకుని గుమ్మంలో కూచుంది. మా బావకి ఆ రోజు ఫస్టు షిఫ్టు. డ్యూటీకి ఎప్పుడో వెళ్ళిపోయాడు. పిల్ల ఏడవలేదు, అన్నం మానలేదు, అలిగిందీ లేదు. నాన్న వస్తానన్నాడు కాబట్టి వస్తాడని కూచుంది, అంతే. మధ్యాహ్నం చెల్లెలు ఆ ముఖం చూడలేక ప్లాంటుకి ఫోను చేయించింది. మా బావ ఎవరి కాళ్ళో పట్టుకుని షిఫ్టు మధ్యలో బయటపడి, బట్టల మీద మసితోనే పిల్లని తీసుకెళ్ళాడు. తీరా వెళ్తే పులి లోపల పడుకుని ఉంది. కాసేపట్లో బయటికొస్తుందమ్మా అన్నాడు కాపలా అతను. ఎన్ని గంటలకి అని అడిగింది వాసవి. అతను పాతికేళ్ళుగా పులులతో వేగుతున్న మనిషి. ఆ ప్రశ్నకి మాత్రం తడబడ్డాడు.

పన్నెండో ఏట ఓ పెళ్ళిలో గాజువాక చుట్టం ఒకాయన అందరినీ పిలిచినట్టే వీళ్ళనీ పిలిచాడు, ఎప్పుడైనా మా ఇంటికి రండమ్మా అని. వాసవి ఆయన చెయ్యి పట్టుకుని తేదీ అడిగింది. నలుగురిలో ఉన్నాడు పాపం, జూన్ ఏడు అన్నాడు. జూన్ ఏడున ముగ్గురూ సామాన్లతో రైలు దిగి తలుపు కొడితే, ఆయన సగం గడ్డం గీసుకున్న ముఖంతో తలుపు తీసి, ఎవరింటికొచ్చారు అన్నాడు. నాలుగు రోజులు బాగానే చూసుకున్నారట. కానీ స్టేషన్లో సాగనంపేటప్పుడు ఆ ఇంట్లో ఒక్కళ్ళు కూడా మళ్ళీ రండి అనలేదని మా బావ ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు.

మా అమ్మాయి కల్యాణి పెళ్ళిచూపులప్పుడు నాకు మాత్రం నవ్వు రాలేదు. మగపెళ్ళివారు ఫలహారాలు తిని, ఇంటికెళ్ళి కబురు చేస్తాం అన్నారు. కాఫీ కప్పులు తీస్తున్న వాసవి ఆగి, ఏ తేదీకండీ అంది. సంబంధం పోయిందనుకున్నాను. అప్పుడు పెళ్ళికొడుకే తల ఎత్తి, ఎల్లుండి అన్నాడు. అన్నట్టే ఎల్లుండికి కబురొచ్చింది. వాళ్ళమ్మగారు ఏడాది ఆలోచించే మనిషట, ఆ అమ్మాయి అడక్కపోతే నాకింకా పెళ్ళయ్యేది కాదు మావయ్యగారూ అని మా అల్లుడు తరవాతెప్పుడో చెప్పాడు.

ఇలా ఊళ్ళో తెలుగువాళ్ళు తారీఖు వాసవి అనీ, హిందీవాళ్ళు తారీఖ్ వాలీ దీదీ అనీ పేరు పెట్టేశారు. తను మాత్రం ఆ పేరుకి చిన్నబుచ్చుకోలేదు. తను చెప్పిన తేదీని తనెప్పుడూ తప్పలేదు కాబట్టి, ఎదుటివాళ్ళకి అది కష్టమని దానికి తోచదు.

వాసవికి ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి స్మృతి నగర్‌లో ఒక బళ్ళో సైన్సు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఆ ఏడే ఎండల గురించీ, వానల గురించీ, ప్రభుత్వం ఇంకా గట్టిగా ఏదైనా చెయ్యాలనీ అడిగే కుర్రాళ్ళ గుంపులో చేరింది. పదిమంది ఉంటారు. దాదాపు అందరూ ప్లాంటు పిల్లలే. ప్రతి శుక్రవారం సాయంత్రం సివిక్ సెంటర్ దగ్గర అట్టలు పట్టుకుని నిలబడేవారు. వాళ్ళలో శరత్ అని ఒక అబ్బాయి, ఇంజనీరు పార్థసారథిగారి కొడుకు, నినాదాలు కట్టడంలో దిట్ట. భూమి మండుతోంది, ఆకాశం ఏడుస్తోంది అని రంగురంగుల అక్షరాలతో అతని అట్ట చూస్తే కన్ను తిప్పుకోలేం. పక్కనే మా వాసవి తెల్ల అట్ట మీద నల్ల సిరాతో రెండే మాటలు. తారీఖ్ బతాయియే. తేదీ చెప్పండి.

మొదటి శుక్రవారమే ఓ కానిస్టేబుల్ వచ్చి ఎప్పుడు కదుల్తారని గద్దించాడట. మిగతావాళ్ళు బెదిరారు. వాసవికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. తనని తేదీ, టైము అడిగిన మొదటి మనిషి అతనే. అయిదూ ముప్ఫై అని చెప్పి, అయిదూ ముప్ఫైకి అందరినీ కదిలించింది, శరత్ ఒక నినాదం మధ్యలో ఉన్నా వినలేదు. ఆ తరవాత ఆ కానిస్టేబుల్ వాళ్ళ జోలికి రాలేదు. వీళ్ళు వెళ్ళడం చూసి వాచీ సరిచేసుకునేవాడని చెప్పుకునేవారు.

మా తరంవాళ్ళకి ఇది మింగుడు పడలేదు. నా స్నేహితుడు యజ్ఞనారాయణ బ్లాస్ట్ ఫర్నేసులో ముప్ఫై ఏళ్ళు ఒళ్ళు కాల్చుకున్న మనిషి. ఓ సాయంత్రం మా వరండాలో వాసవిని పట్టుకుని, ఆ పొగలోంచి వచ్చిన అన్నమే తిని పెరిగి దాని మీదే అట్టలు పడతావేటమ్మా అని అడిగాడు. నాకూ లోపల అదే ఉంది, ఆయన అన్నందుకు సంతోషించాను. వాసవి కోప్పడలేదు. ఆయన పక్కనే కూచుంది.

"ప్లాంటు ఉండాలి తాతయ్యా. మీ మనవడు కూడా అందులోనే పనిచెయ్యాలి. అందుకే అడుగుతున్నాను. కొత్త పద్ధతి రావాలంటున్నారు కదా, ఎప్పుడొస్తాది, అప్పటికి ఇక్కడి పనివాళ్ళకి ఎవరు నేర్పుతారు. ఎవరూ తేదీ చెప్పకపోతే ఒకరోజు హఠాత్తుగా వచ్చి మీద పడిపోతాది."

యజ్ఞనారాయణ లేచి వెళ్ళేటప్పుడు, గుంట మాట్లాడ్డం నేర్చింది అన్నాడు నాతో.

ఆ చలికాలంలో ఓ సభ జరిగింది. వేదిక మీద పెద్దమనిషి ఒకాయన, మన దేశం 2070 నాటికి గాలిలోకి వదిలే కర్బనాన్ని మొత్తంగా సున్నాకి తెస్తుందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. వాసవి లేచింది. తేదీ చెప్పినందుకు ముందు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పింది, జీవితంలో ఇంత పెద్ద తేదీ తనకి ఎవరూ చెప్పలేదంది. అప్పటికి నాకు అరవై తొమ్మిదేళ్ళు వస్తాయి, తప్పకుండా వస్తాను, కానీ ఈలోపల వచ్చే ఏడు ఏం చేస్తారో, ఆ పై ఏడు ఏం చేస్తారో ఆ తేదీలు కూడా చెప్పండి సార్ అంది. ఆయన మంచి ప్రశ్న అన్నాడు. మంచి ప్రశ్న అంటే జవాబు లేదని అర్థమని వాసవికి ఆ రోజే తెలిసింది.

ఇదంతా నేను నవ్వుకుంటూ చూసిన కాలం. మే నెల మొదటివారంలో నవ్వు ఆగింది.

రిసాలి మార్కెట్లో నూకాలమ్మ అని బొబ్బిలివైపు నుంచి వచ్చిన మనిషి ఆకుకూరలు అమ్ముతుంది. ఆ రోజు ఎండ నలభై ఆరు దాటింది. ఒంటిగంట వేళ వాసవి కరివేపాకు కోసం వెళ్తే, నూకాలమ్మ తోటకూర కట్టల మీదికి ఒరిగిపోయి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట లేదు, పిలిస్తే పలకడం లేదు. వాసవి శరత్‌ని పిలిచి, ఆటోలో వేసుకుని, దారి పొడుగునా తడిగుడ్డ వేస్తూ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టర్లు.

మూడో రోజు నేను చూడ్డానికి వెళ్ళాను. నూకాలమ్మ లేచి కూచుంది. తడిగుడ్డ కప్పుకుని కూచోలేకపోయావా అని అడిగాను.

"గుడ్డ ఒక్కటే ఉన్నాది బాబూ. అది కూర మీద కప్పుతాను. నా మీద కప్పుకుంటే కూర వాడిపోద్ది."

వాసవి మంచం పక్కన నిలబడి ఉంది. ఆ రెండు రోజులూ అది ఎవరినీ ఏ తేదీ అడగలేదు. దాన్ని పుట్టిననాటినుంచి ఎరిగినవాణ్ణి, ఆ మౌనం చూసి నేనే భయపడ్డాను.

మూడో రోజున కుర్రాళ్ళంతా మా చెల్లెలి ఇంట్లో చేరి అర్జీ మొదలుపెట్టారు. శరత్ పదకొండు పేజీలు రాసుకొచ్చాడు. మొదటి రెండు పేజీల్లో భూమి పుట్టింది, మనుషులు పుట్టేసరికి నాలుగో పేజీ అయింది, నూకాలమ్మ పదో పేజీ దాకా రాలేదు. వాసవి దాన్ని పేజీన్నరకి తెగ్గోసింది. నాలుగే కోరికలు. వేసవిలో మార్కెట్ల దగ్గర, కూలీలు నిలబడే చోట, బస్టాపుల దగ్గర నీడా నీళ్ళూ పెట్టాలి. ఎండ మరీ ముదిరిన రోజుల్లో కూలి తగ్గించకుండా పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని ఆపాలి. పెద్ద చెట్టు ఏది కొట్టాలన్నా ముందు ఊరికి చెప్పాలి. బొగ్గు వాడకం ఈ జిల్లాలో ఏ ఏడు ఎంత తగ్గిస్తారో, అప్పుడు పనివాళ్ళకి ఏ పని చూపిస్తారో రాష్ట్ర ప్రభుత్వం ముందే ప్రకటించాలి. ప్రతి కోరిక పక్కనా ఒక ఖాళీ గడి గీసి, పైన తారీఖ్ అని రాసింది.

వారం రోజులు ఇల్లిల్లూ తిరిగారు. రెండు వేలకి పైగా సంతకాలు వచ్చాయి. నాలుగో కోరిక రెండుసార్లు చదివించుకుని యజ్ఞనారాయణ కూడా సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. పెద్దవాడెవరో ఒకరు ఉండాలని చెల్లెలు పోరితే, పద్నాలుగో తారీఖున వాళ్ళతో పాటు జిల్లా కేంద్రం దుర్గ్‌లో ఒక సర్కారు ఆఫీసుకి వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను, అందులోవాళ్ళు ఇప్పుడు నాకు స్నేహితులు.

సాహెబు చిన్నవాడు, మర్యాదస్తుడు. అర్జీ మొత్తం చదివి, తప్పకుండా పరిశీలిస్తాం అన్నాడు. ఏ తేదీకి సార్ అంది వాసవి. త్వరలోనే అన్నాడు. ఆ త్వరలో ఏ తేదీకి సార్ అంది, అదే గొంతుతో, అదే నవ్వుతో. సాహెబు ఈసారి వివరంగా చెప్పాడు. మొదటిది తన చేతిలో ఉంది. రెండోది తన సిఫారసుతో పైకి పంపగలడు. మూడోది వేరే శాఖది, నాలుగోది రాయ్‌పూర్‌లో రాష్ట్ర ప్రభుత్వం తేల్చాల్సింది. వాసవి తల ఊపి అంతా విని, పెన్ను మూత తీసి కాగితం మీద గడి దగ్గర ఆనించి పట్టుకుంది. గదిలో పదిహేనుమందిమీ ఆ పెన్ను వైపే చూస్తున్నాం. సాహెబుకి ఉక్కపోసి, పక్కన ఫైలు పట్టుకుని నిలబడ్డ హెడ్ క్లర్కు వైపు తిరిగి, ఎన్నాళ్ళు పడుతుంది సాహుజీ అన్నాడు.

బలరాం సాహు అక్కడ ముప్ఫై ఏడేళ్ళుగా పనిచేస్తున్నాడు. రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. ఇన్నేళ్ళలో ఒక్క మెమో ఎరగడు. ఎందుకంటే ఇన్నేళ్ళలో ఆయన ఎవరికీ ఏదీ ఫలానా రోజని చెప్పలేదు. ఆ రోజు ఏమైందో ఏమో, ఆయన నోట్లోంచి ఆయనకే తెలియకుండా మాట వచ్చేసింది. రిసాలి మార్కెట్లో, కూలీలు నిలబడే లేబర్ చౌక్‌లో, మరోదా బస్టాపులో మూడు పందిళ్ళు ఇరవై నాలుగుకి, ఎండ వేళ పని ఆపే సంగతి మీద పైకి వెళ్ళే ఉత్తరం జూన్ ఒకటికి అన్నాడు. అనేసి, ఈ మాట ఎవరన్నారు అన్నట్టు చుట్టూ చూశాడు. వాసవి రెండు గడులు నింపి, ఆయన చేత పక్కన సంతకం పెట్టించుకుంది.

నాలుగడిగితే రెండే ఇచ్చారని బయటికొచ్చాక శరత్ మండిపడ్డాడు. నిన్నటికి ఒకటీ లేదు కదా అంది వాసవి.

ఇరవయ్యో తారీఖున ఏదో పని మీద దుర్గ్ వెళ్తూ నా స్కూటరు ఎక్కింది, దారిలో ఆ ఆఫీసు దగ్గర ఆగాం. గుమ్మంలో ప్యూను మమ్మల్ని చూసి, తారీఖ్ వాలీ వచ్చిందని లోపలికి కేకేశాడు. మేం వెళ్ళేసరికి బలరాం సాహు కుర్చీ ఖాళీ. బల్ల మీద కళ్ళజోడు, పొగలు కక్కుతున్న సగం టీ. రికార్డు రూములోంచి ఎవరో దుమ్ముకి తుమ్ముతున్న చప్పుడు. వాసవి పది నిమిషాలు కూచుంది. ఫాన్ గాలికి ఎగురుతున్న ఆయన కాగితాల మీద పేపర్‌వెయిట్ పెట్టి, టీ మీద సాసరు బోర్లించి లేచింది.

ప్యూను బయట నాకు అసలు సంగతి చెప్పాడు. రెండు పందిళ్ళకి మంజూరైంది. మరోదాది ఎక్కడో సంతకం దగ్గర ఆగిపోయింది. తేదీ చెప్పినవాడే జవాబు చెప్పుకోవాలని పెద్దలెవరో అన్నారట. సాహుజీ నాలుగు రోజులుగా అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోతున్నాడట. దారిలో అంతా వాసవికి చెప్పాను.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే కలిగింది. ఇన్నాళ్ళకి ఒకళ్ళు దొరికారు అనుకున్నాను. శరత్ అయితే ఇరవై నాలుగు పొద్దున మరోదాలో ఖాళీ బస్టాపు ముందు నిలబడడానికి కొత్త అట్ట కూడా రాశాడు, పత్రికవాణ్ణి రమ్మన్నాడు. ప్రభుత్వం మాట తప్పిందని ఫోటో పడితే గాని పైవాళ్ళు కదలరని అతని వాదన. అందులో తప్పేమీ నాకు కనిపించలేదు.

ఇరవై మూడు సాయంత్రం అయిదింటికి చెల్లెలు ఫోను చేసి, అన్నయ్యా, మీ నిచ్చెన పట్టుకుని మరోదా బస్టాపుకి రా అంది. ఎందుకని అడిగేలోపల పెట్టేసింది.

వెళ్ళేసరికి ఆ పదిమందీ అక్కడున్నారు. వెదుళ్ళు దింపి ఉన్నాయి. శరత్ చేతిలో గడ్డపార. కోపమంతా నేల మీద చూపిస్తున్నాడేమో, గొయ్యి అవసరానికి మించి లోతుగా దిగింది. తవ్వుతూనే వాసవితో దెబ్బలాడుతున్నాడు. సర్కారు చెయ్యాల్సింది మనం చేస్తే ఇక వాళ్ళెందుకు చేస్తారు, ఇన్ని నెలలు ఎందుకు అరిచాం అంటున్నాడు. వాసవి తాడు ముడి వేస్తూ విని, అప్పుడు తలెత్తింది.

"ఆ ఆఫీసులో తేదీ చెప్పిన మొదటి మనిషి ఆయన, శరత్. రేపు ఆయన్ని అందరిముందూ నిలబెట్టి అబద్ధాలకోరు అంటే, ఎల్లుండి నుంచి అక్కడ ఎవరైనా తేదీ చెప్తారా? పందిరి మనం కట్టగలం, కట్టేద్దాం. ఉత్తర్వు మనం రాయలేం. అది వాళ్ళే రాయాలి, దాన్ని మాత్రం నేను వదలను."

శరత్ గడ్డపార ఆపి కాసేపు చూశాడు. మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు, కొంచెం నెమ్మదిగా.

నేను నిచ్చెన వేస్తూ మా చెల్లెలితో, దీనికి ఈ బుద్ధి ఎప్పుడొచ్చిందే అన్నాను. అది నా వైపు వింతగా చూసింది.

"ఇప్పుడు రావడమేటన్నయ్యా? తేదీ ముందు రోజు అది ఎప్పుడూ వెళ్తాది కదా."

నాకు తెలియదన్నాను. అప్పుడు చెప్పింది. కిందటేడు బళ్ళో హెడ్‌మిస్ట్రెస్ పిల్లలకి లైబ్రరీ తెరుస్తానని తేదీ చెప్పి, ఇంట్లో అత్తగారికి జబ్బు చేసి మరిచిపోతే, వాసవి ముందు రోజంతా ఒక్కతే కూచుని పుస్తకాలకి నంబర్లు వేసి పెట్టిందట. మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ రిబ్బను కత్తిరించింది. పక్కింటి మణిమాల గారు ఫలానా రోజుకి స్వెట్టరు అల్లి ఇస్తానని మనవరాలికి మాటిచ్చి, కళ్ళు కనబడక ఏడుస్తుంటే, స్వెట్టరు చేతులు రెండూ వాసవే అల్లింది. ఎవరినైనా తేదీ అడిగితే అది తన తేదీ కూడా అనుకుంటుందట. అడిగేది ఊరందరికీ వినిపిస్తుంది, వెళ్ళేది మాత్రం ఇంట్లో తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. ఇరవై మూడేళ్ళు పక్కనే ఉండి నేను సగమే చూశానన్నమాట.

వెదుళ్ళు నిలబడ్డాయి గాని పైన కప్పడానికి పచ్చ వల సగానికే వచ్చింది. ఏం చెయ్యాలా అని చూస్తుండగా ఒక పాత స్కూటరు వచ్చి ఆగింది. నడుపుతున్నది బలరాం సాహు. స్కూటరుకి పక్కగా రెండు వెదురుకర్రలు కట్టి ఉన్నాయి, వెనక సీటు మీద పెద్ద మూట. ఆయన పందిరి చూశాడు, మమ్మల్ని చూశాడు, హెల్మెట్ తియ్యడం మరిచిపోయాడు. ఇటే మా అమ్మాయి ఇంటికి వెళ్తున్నాను అన్నాడు హిందీలో, ఎవరూ అడక్కుండానే. ఆ మూటలోంచి ఒక చీర చెంగు జారి గాలికి రెపరెపలాడుతోంది. మంజూరు రాని పందిరికి ఆయన ఇంట్లోంచి వెదుళ్ళూ భార్య పాత చీరలూ తెచ్చుకున్నాడు, చీకటి పడేలోపల తనొక్కడే కట్టేద్దామని.

వాసవి మామూలుగా వెళ్ళి స్కూటరు హ్యాండిల్ పట్టుకుంది.

"అంకుల్, ఆ కర్రలు ఇటు ఇవ్వండి. ఎడమవైపు తక్కువయ్యాయి."

ఆయన దిగాడు. చొక్కా చేతులు మడిచి నిచ్చెన ఎక్కాడు. ముప్ఫై ఏడేళ్ళు ఫైళ్ళకి తాళ్ళు కట్టిన చెయ్యి, ఆయన వేసిన ముడి ఇంకెవరి ముడికన్నా గట్టిగా ఉంది. దీపాలు వెలిగే వేళకి మరోదా బస్టాపు మీద సగం పచ్చ వల, సగం తొమ్మిది రంగుల చీరలతో పందిరి లేచింది.

మర్నాడు సాహెబు మూడు పందిళ్ళూ చూడ్డానికి వచ్చాడు. మరోదాలో తలెత్తి ఆ చీరల్ని చాలాసేపు చూసి, ఈ గుడ్డ ఏ పద్దు కింద కొన్నారు సాహుజీ అని అడిగాడు. ప్రజల సహకారం సార్ అంది వాసవి. సాహెబు తెలివితక్కువవాడు కాదు. బలరాం సాహు అరచేతుల్లో బొబ్బలు చూశాడు, మా శరత్ అరచేతులూ చూసి కారెక్కాడు. ఆ మధ్యాహ్నమే మరోదా ఫైలు మీద ఆగిన సంతకం పడింది. శరత్ పిలిచిన పత్రికవాడు కూడా వచ్చి, తప్పు జరగలేదని నిరాశపడ్డాడు. శరత్ అతన్ని పక్కకి తీసుకెళ్ళి ఖాళీగా ఉన్న రెండు గడుల గురించి చెప్పి, అది రాయించాడు.

జూన్ ఒకటిన ఉత్తరం వెళ్ళింది. పంపినట్టు ముద్ర చూపించడానికి బలరాం సాహు తనే వాసవికి ఫోను చేశాడు. తరవాత సంగతి కూడా చెప్పేస్తాను. ఆ మరుసటి మార్చిలో సర్కారు పనుల వరకు, ఎండ ముదిరిన రోజుల్లో పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపాలని ఉత్తర్వు వచ్చింది. నాలుగింటి దాకా అడిగితే మూడింటి దాకే ఇచ్చారు, ప్రైవేటు కంట్రాక్టర్లని కలపలేదు. చెట్ల గడీ, బొగ్గు గడీ ఇంకా ఖాళీయే. కుర్రాళ్ళు బొగ్గు సంగతి ఒక్కదాని కోసమే మళ్ళీ కొత్త అర్జీ రాసి, ఈసారి రాయ్‌పూర్‌కి పంపడానికి ఆ జూన్‌లోనే సంతకాలు మొదలుపెట్టారు.

ఆ సంతకాలప్పటి ముచ్చట ఒకటుంది. మొదటి వానలు పడుతున్న రోజు. మరోదా పందిట్లో వాసవి కాగితాలు పట్టుకుని కూచుంది, నేను పక్కనున్నాను. బలరాం సాహు స్కూటరు మీద భార్య దుర్పతి బాయిని తీసుకుని వచ్చాడు. ఎండలు పోయాయి కదా, చీరలు విప్పుకుందామని. ఆవిడ తలెత్తి ఒక్కొక్కటే చూస్తూ, ఒకచోట ఆగిపోయింది. ఆవిడ పాత చీరలు ఎనిమిదే ఇచ్చిందట. తొమ్మిదోది చిలకపచ్చ చీర, కూతురి పెళ్ళికి కట్టుకున్నది. సాహుజీ ఆ సాయంత్రం తొందరలో దండెం మీది నుంచి అది కూడా లాగేశాడు. నెల రోజుల ఎండకి దాని పైవైపు రంగు వెలిసి పాలిపోయింది.

బలరాం సాహు ఒక వెదురు చాటుకి జరిగాడు. ఎంతమంది కూచునేవారు దీని కింద అని ఆవిడ వాసవిని అడిగింది. మధ్యాహ్నం పూట నలభై, యాభైమంది దాకా అని చెప్పింది వాసవి. దుర్పతి బాయి కింద కూచున్నవాళ్ళని ఓసారి చూసింది. సర్లే, వచ్చే వేసవికి సర్కారే రేకులు వేయించాలి, నా దగ్గర ఇంక పట్టుచీరలు తప్ప లేవు అంది.

అని, ఆ కాగితాలేమిటని అడిగింది. వాసవి చదివి వినిపించింది. పెన్ను ఇలా ఇవ్వు అంది ఆవిడ. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టడం మొదలుపెట్టింది. చీరల సందుల్లోంచి చినుకులు కాగితం మీద పడుతున్నాయి.

అప్పుడు బలరాం సాహు వెదురు చాటు నుంచి వచ్చాడు. ప్రభుత్వోద్యోగిని, నేను ఇదేమీ చూడలేదు అంటూ ముఖం అటు తిప్పుకుని, భార్య సంతకం పూర్తయ్యేదాకా ప్రభుత్వం మీద రాసిన ఆ అర్జీ తడవకుండా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.